ఆరున్నొక్కటి

నాకు కుళ్లు ఎక్కువ. నా ముఖం మీద ఈ మాట అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. వయసు మీద పడితే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. మొన్న సాయంత్రం మళ్లీ బయటపడింది.

మా మనుమరాలికి ఎనిమిదేళ్లు. కథ చెప్పమంటే గంటసేపు చెబుతుంది, పాట ఒక్కసారి వింటే పట్టేస్తుంది. లెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఐదు పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే బిక్కమొహం వేస్తుంది. ఇలాంటి పిల్లల కోసం వాళ్ల బడికి వారానికోసారి వచ్చే టీచరు పిల్ల తల్లిని, అంటే మా అమ్మాయిని, కూర్చోబెట్టి చెప్పింది. "దీన్ని డిస్కాల్కులియా అంటరమ్మా. బద్ధకం గాదు, తెలివి లేక గాదు. అంకె ముందుగాల చేతులకు రావాలె, తర్వాతనే కాగితం మీదికి." నేను ఊరుకుంటానా? ఇదే మెదక్‌లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. పూసల చట్రం కొన్నాను, రంగు కడ్డీలు కొన్నాను, గోడ నిండా చార్టులు అంటించాను. పిల్ల రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు నుంచి బడి బస్సు దిగడం, మా చెల్లెలి దుకాణానికి పరుగెత్తడం.

మా చెల్లెలికి చర్చికి పోయే దారిలో పేలాలు, మరమరాల బొంగులు, పుట్నాలు అమ్మే చిన్న దుకాణం ఉంది. మొన్న పిల్లను తీసుకురావడానికి వెళ్లి గడప దగ్గరే ఆగిపోయాను. లోపల డబ్బాలోంచి మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, జారుతున్న చప్పుడు, దాని వెంబడే పిల్ల గొంతు. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

ఒళ్లు భగ్గుమంది. నా దగ్గర నోరు విప్పని పిల్ల అక్కడ గలగలా లెక్కపెడుతోంది. భగ్గుమన్నందుకు ఆ వెంటనే సిగ్గేసింది. ఎందుకో చెప్పాలంటే మా పేలాల బట్టీ దాకా వెనక్కి పోవాలి.

ఆ బట్టీ ఇప్పుడు లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. అప్పట్లో మా ఇంటి ముందు రేకుల కింద మట్టిపొయ్యి, దాని మీద పెద్ద ఇనుప మూకుడు, మూకుడులో నల్లబడ్డ ఇసుక ఉండేవి. తొలి ఏకాదశి వస్తోందంటే చుట్టుపక్కల గల్లీలే కాదు, చేగుంట వైపు నుంచి కూడా జొన్నలూ మక్కలూ మూటలు కట్టుకుని వచ్చేవాళ్లు. నాయిన కందికట్టెలు ఎగదోస్తుంటే అమ్మ ఇసుకలో గింజలు కలిపేది. గింజ పేలగానే జల్లెడ పట్టేది. వానజల్లుకు తడిసిన మట్టి వాసన, కట్టెల పొగ, వేడి పేలాల వాసన కలిసి మా బట్టలకు, జుట్టుకు పట్టుకునేవి. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు నా జడ వాసన చూసి ఆకలేస్తోందనేవాళ్లు.

కొలత మాత్రం బాపమ్మది, అంటే మా నాయిన తల్లిది. వచ్చిన గింజలను మానికతో కొలిచి తీసుకోవాలి, లేకపోతే మా గింజలు తగ్గాయంటూ పంచాయితీ. బాపమ్మ పాతకాలపు మనిషి. మొదటి మానికను ఒకటి అనేది కాదు, లాభం అనేది. ఆరు తర్వాత ఏడు అనేది కాదు. ఆ మాట అంటే ఏడుపు వస్తుందట, గింజల ముందు అనకూడదట. అందుకని ఆరున్నొక్కటి. చుట్టుపక్కల కొలిచేవాళ్లందరూ అప్పట్లో అలాగే కొలిచేవాళ్లు, వినేవాళ్లకూ అలవాటే.

మా చెల్లె రోజూ బాపమ్మ ఒళ్లో ఆనుకుని కూర్చుని అది వింటూ పెరిగింది. దానికి లెక్కలు రావు. రెండో తరగతి రెండోసారి చదువుతోంది. పలక మీద ఐదు చుక్కలు పెట్టి ఎన్ని అంటే వేలు పెట్టి మొదలుపెడుతుంది, ఒక చుక్కను రెండుసార్లు తాకుతుంది, ఇంకోదాన్ని వదిలేస్తుంది. ఎన్నంటే నోటికొచ్చింది చెబుతుంది. మళ్లీ అడిగితే ఇంకోటి చెబుతుంది. ఆ రోజుల్లో అలాంటి పిల్లలకు ఒకటే పేరు, మొద్దు. ఇంట్లో అందరూ దాన్ని చూసి నిట్టూర్చేవాళ్లు. నిట్టూర్చి దగ్గరికి తీసుకునేవాళ్లు.

నేనేమో నాలుగో తరగతి. పదహారో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. నూటికి నూరు తెచ్చుకుని కాగితం పట్టుకొచ్చి చూపిస్తే నాయిన కట్టె ఎగదోస్తూ తల తిప్పకుండా అనేవాడు, "నీకేంది బిడ్డా, నీకు అన్నీ వస్తయి." ఆ మాటంటే నాకు అసహ్యం. నీకేంది అన్న మాటలో ఇక నీ సంగతి మేం చూసుకోనక్కర్లేదన్న మాట ఉందని నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది. అన్నీ రావడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. చెల్లె ముక్కు చీది ఒక అంకె సరిగ్గా రాస్తే బాపమ్మ బెల్లం గడ్డ దాని నోట్లో పెట్టేది.

బడిలో ఏడుపాయల జాతర గురించి పాఠం జరిగింది ఒకసారి. మంజీర పాయలుగా చీలే ఆ చోటికి ఎవరెవరు పోయారని రెండో తరగతి టీచరు అడిగితే చెల్లె లేచి నిలబడి, "మేం పోయినం టీచర్, ఆరున్నొక్క పాయలకు" అంది. తరగతి తరగతంతా పడీపడీ నవ్వింది. ఆ సంగతి నాకు తెలిశాక ఇంటర్వెల్‌లో బడి మొత్తానికి చాటింది నేనే. లాభం అన్న మారుపేరు దానికి పెట్టిందీ నేనే. "ఓ లాభం! ఇటు రా!" అని పిల్లలు అరుస్తుంటే నేను నీళ్ల కుండ దగ్గర నిలబడి ఏమీ తెలియనట్టు నీళ్లు తాగేదాన్ని.

ఆ రోజు నవ్వని మనిషి ఒక్కతే, ఆ టీచరమ్మ. చర్చి కాంపౌండులో వరస ఇళ్లలో చివరి ఇంట్లో ఉండేది. గంజి పెట్టిన తెల్లచీర, చేతికి మగవాళ్ల గడియారం. ఆవిడ ఆదివారం పూట మక్కలు పేలించుకోవడానికి మా బట్టీకి వచ్చింది. అమ్మ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. బాపమ్మకు ఆ రోజు నడుం నొప్పి. చెల్లె మానిక పట్టుకుని కొలుస్తోంది, ఎవరివో పెద్ద మూట. లాభం, రెండు, మూడు... ఎక్కడా తడబడలేదు. మధ్యలో ఎవరో పలకరిస్తే జవాబు చెప్పి మళ్లీ ఆగిన చోటే అందుకుంది. పద్దెనిమిది దాకా పోయి మానిక బోర్లించింది. బాపమ్మ గింజలను చేత్తో తడిమి తలాడించింది.

టీచరమ్మ చీర కొంగు పొగలో ఆడుతోంది, ఆవిడ పట్టించుకోలేదు. "పలక మీద ఐదు లెక్కవెట్టరాని పిల్ల గీమె యేనా?" అంది.

"గదేందో టీచరమ్మా, గింజలైతే ఎన్నడూ తప్పది" అంది బాపమ్మ. "చెయ్యి బరువుతోని ఎరుకయితదో, సప్పుడుతోని ఎరుకయితదో మరి."

"జర నా దగ్గరికి పంపుండ్రి. రోజూ బడి అయినంక గంటసేపు చూస్త."

అలా పంపారు. ఒక్కదాన్నే పంపరు కదా, తోడు నేను. టీచరమ్మ వరండాలో చెల్లె చాప మీద, నేను మెట్టు మీద. అక్కడ చాయ్‌లో ముంచిన డబల్ రొట్టె పెట్టేది ఆవిడ, ఇద్దరికీ సమానంగానే. కానీ రొట్టె పెట్టే చేయి నా వైపు, చూసే చూపు దాని వైపు. ఆవిడ చిన్న పాలడబ్బా తెచ్చి దానికి మానికలా ఇచ్చింది. పోయించేది, ఆపించేది, ఎన్ని పోశావో గింజల కుప్ప మీద చేయి వేసి చెప్పమనేది. తొందరపెట్టేది కాదు. తప్పు చెబితే ఊఁ అనేది, ఒప్పు చెప్పినా ఊఁ అనేది.

మొదట్లో పేలాలతోనే లెక్క. ఆవిడ లోపలికి వెళ్లినప్పుడు నేను గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. చెల్లె కుప్ప కొలత తగ్గి, తప్పు తనదే అనుకుని దాని కళ్లు నిండేవి. రెండు రోజులు ఆ సంబరం సాగింది. మూడో రోజు టీచరమ్మ నా మూతి మీది పొట్టు చూసింది. మర్నాటి నుంచి పచ్చి మక్కలు పెట్టింది. "నువ్వు గూడ వచ్చి చాప మీద కూసో" అంది నాతో. నేను మూతి ముడుచుకుని మెట్టు మీదే కూర్చున్నాను. వెళ్లి కూర్చుని ఉంటే ఏం పోయేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒకరోజు టీచరమ్మకు తట్టింది. ఈ పిల్లకు ఆరున్నొక్కటి అన్న మాట ఒక మెట్టు. ఆరు ఉంది, దాని మీద ఒకటి ఉంది, ఆ సంగతి ఆ మాటలోనే వినపడుతోంది. ఏడు అంటే దానికి వట్టి చప్పుడు. అంతే, ఆవిడ అన్ని అంకెలకూ అలాంటి పేర్లే పెట్టేసింది. పదకొండు పదిన్నొక్కటి అయింది, పన్నెండు పదిన్నిరెండు అయింది. పదిన్నిరెండులోంచి రెండు తీస్తే ఎంతని అడిగితే చెల్లె నవ్వి, "పదే గద టీచర్, మీరే చెప్తున్నరు" అంది. అప్పటిదాకా దాని నోట తీసివేత అన్నది వచ్చి ఎరగదు. టీచరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. పదహారో ఎక్కానికి ఎవరూ కళ్లద్దాలు తుడుచుకోలేదు.

అంతలో పెద్దసారు, అంటే మా హెడ్‌మాస్టరు, నాయినను పిలిపించాడు. బతుకమ్మ సెలవులకు ముందు తానే పిల్లను పరీక్షిస్తానని, ఇరవై దాకా లెక్క, నాలుగు కూడికలు రాకపోతే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలని చెప్పాడు. నాయిన ఇంటికొచ్చి ఇంకో మాట కలిపాడు. ఒకటో తరగతిలో పసిపిల్లల మధ్య కూర్చోబెట్టేది లేదు, రాకపోతే బడి మానిపించి బట్టీలో పెట్టుకుంటానన్నాడు. చెల్లె ఆ మాట విని తలుపు వెనక్కి పోయి పుస్తకాల సంచీ పట్టుకుని కూర్చుంది. దానికి బడి అంటే ఎందుకంత ఇష్టమో నాకు అర్థమయ్యేది కాదు, అక్కడ రోజూ నవ్వులపాలయ్యేది కదా.

టీచరమ్మ పెద్దసారుతో మాట్లాడింది. బడి వరండాలో నేను చెవులారా విన్నాను. "డబ్బా, మక్కలు ముందట పెట్టుకొని చెప్తది సార్. అంకెలకు దాని పేర్లు దానికున్నయి. పేరు ఏదైతేంది, లెక్క తప్పకుంటే సాలు గదా?" పెద్దసారు నవ్వి, "సరే, మీరు గంతగానం చెప్తుంటే కాదంటనా" అన్నాడు. అంటే ఆరున్నొక్కటి అన్నా ఫర్వాలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

పరీక్ష ముందురోజు నాకు మళ్లీ నూటికి నూరు వచ్చింది. కాగితం పట్టుకుని ఇంటికొస్తే అందరూ చెల్లె చుట్టూ ఉన్నారు. నాయిన, బట్టీ వదిలి లేవని నాయిన, సీతాఫలాల గంప ముందు కూర్చుని మగ్గిన పండు ఏరి విప్పి దాని చేతిలో పెడుతున్నాడు. గదంతా ఆ తీపి వాసన. నా కాగితం చూసి, "నీకేంది బిడ్డా..." అన్నాడు. మిగతా మాట నేను వినలేదు. పండు ఇచ్చాడు, తినలేదు.

తెల్లారి ఇద్దరం బడికి నడుస్తున్నాం. తుంపర పడుతోంది. చెల్లె డబ్బాను కొంగులా చుట్టుకున్న తువ్వాలలో దాచుకుని పెదాలు కదుపుతూ వస్తోంది. నేను చాలా మామూలుగా అన్నాను, "పెద్దసారు ముంగట ఆరున్నొక్కటి అనకు. ఏడు అను."

అది ఆగిపోయింది. "టీచరమ్మ అనొచ్చన్నది గదక్కా?"

"ఆమె నిన్ను ఖుషీ చెయ్యనీకె అన్నది. పెద్దసారు గట్లంటే ఊకోడు. పదకొండు అనాలె, పన్నెండు అనాలె. సక్కగ అనకుంటే ఫెయిల్ చేస్తడు."

అది నా ముఖంలోకి చూసింది. లెక్కల్లో నేనే ఫస్టు కదా, నా మాట మీద దానికి ఎంత నమ్మకమో. "సరే అక్కా" అంది. నేను చెప్పిన దాంట్లో తప్పేముంది? ఆరు తర్వాత ఏడే. ఏ పుస్తకంలో చూసినా ఏడే. ఎవరూ నన్ను ఏమీ అనలేరు. అంత పకడ్బందీగా నేను ఆ తర్వాత జీవితంలో ఏ పనీ చేయలేదు.

పెద్దసారు గది కిటికీ దగ్గర నిలబడి చూశాను. చెల్లె నేల మీద కూర్చుని డబ్బా తీసింది. "ఒకటి" అంది, లాభం అనలేదు. టీచరమ్మ ఉలిక్కిపడి చూసింది. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. చేయి ఆగింది. డబ్బా గాలిలో ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "అనమ్మా, ఎప్పటిలెక్క అను" అంది టీచరమ్మ. చెల్లె తల అడ్డంగా ఊపింది. చివరికి ఎలాగో "ఏడు" అంది, అని దాని చేతిలో డబ్బా వైపు అదేదో కొత్త వస్తువైనట్టు చూసింది. ఆ తర్వాత ఏం రావాలో దానికి పోయింది. వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మాట అంటే ఏడుపు వస్తుందని బాపమ్మ చెప్పింది నిజమే అయింది.

సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. "పిల్లకు లెక్క వచ్చు. నా కండ్లతోని చూసిన. ఇంకొక్కపారి అవకాశం ఇయ్యమని సారును అడుగుత" అంది.

"మీకు కనవడ్డది టీచరమ్మా, సారుకు కనవడలే గదా" అన్నాడు నాయిన. "ఇగ మీరు పరేషాన్ గాకుండ్రి. పెద్దది సదువుతున్నది. గది సాలు నాకు."

పెద్దది సదువుతున్నది. ఎన్నాళ్లనుంచో నేను వినాలనుకున్న మాట. విన్నాను.

టీచరమ్మ చెల్లె ముందు గొంతుక్కూర్చుంది. "ఏడు అనమని నీకు ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

నేను జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. చెల్లె నా వైపు చూడలేదు. చూస్తే అక్క దొరికిపోతుందని చూడలేదు, అది నాకు తెలుసు. "ఎవరు చెప్పలే టీచర్. నాకే అనబుద్ధయింది" అంది.

నేను చేసింది ఎంత పనో అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? నోరు తెరిచి నేనే చెప్పానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పైగా దాని మంచితనం చూసి ఇంకా కుళ్లుకున్నాను. లెక్కలు నావి, మార్కులు నావి, ఆ ఒక్క మాట మాత్రం నాకెందుకు రాలేదని.

దాని బడి అలా ఆగిపోయింది. టీచరమ్మ వేరే ఊరి బడికి మారిపోయేదాకా ప్రతి సాయంత్రం బట్టీ దగ్గరికే వచ్చి పొగలో కూర్చుని దానికి వంద దాకా నేర్పింది. ఆ తర్వాత మిగిలిందంతా చెల్లె తనంతట తానే నేర్చుకుంది. దుకాణం నడుపుతోంది, ఎవరూ దాన్ని మోసం చేయలేరు. ఏడుపాయల జాతరకు పోతే ఇప్పటికీ ఆరున్నొక్క పాయలనే అంటుంది. వినేవాళ్లు నవ్వితే తనూ నవ్వుతుంది. నేను బీఎడ్ చేశాను, ఎన్నో తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పాను. వాళ్లలో మా చెల్లెలాంటి పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. వాళ్లకు నేను ఏడు అనే చెప్పాను.

మొన్న సాయంత్రం గడపలో నన్ను చూసి చెల్లె పీట జరిపింది. "రా అక్కా, కూసో. బయటనే నిలవడ్డవేంది?"

పిల్ల నన్ను చూసి కూడా లేవలేదు. ముందున్న కుప్పను తట్టలోకి ఊడ్చి మళ్లీ మొదటినుంచి పోయడం మొదలుపెట్టింది. ఆ డబ్బా చూశాను. సొట్టలు పడి, అంచు తుప్పు పట్టింది. టీచరమ్మ ఇచ్చిన పాలడబ్బానే. ఇన్నేళ్లూ దాచిందని నాకు తెలియదు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..."

చెల్లె పిల్ల చేతి మీద తన చేయి వేసి ఆపింది. నా వైపు చూసింది. ఆ రోజు టీచరమ్మ అడిగినప్పుడు చూడని చూపు ఇన్నేళ్లకు చూసింది. "ఆరు అయినయక్కా. తర్వాత ఏందో నువ్వు చెప్పు."

ఎత్తిపొడుపు లేదు దాని ముఖంలో. ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. నా నాలుక చివర ముప్పై ఏళ్ల అలవాటు సిద్ధంగా ఉంది. దాన్ని మింగడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆరున్నొక్కటి" అన్నాను.

పిల్ల ఆ డబ్బా పోసేసి చప్పట్లు కొట్టింది. "చిన్నమ్మమ్మా, అమ్మమ్మకు గూడ వస్తది!"

"ఎందుకు రాదు బిడ్డా," అంది చెల్లె, మక్కలు నా వైపు జరుపుతూ, "మా అక్కకు అన్నీ వస్తయి."

పిల్ల డబ్బా ఎత్తి "ఎనిమిది" అని పోసింది. పోసి, సరిగ్గా ఉందా అని మా చెల్లె ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి కాదు. ఎక్కడో కాలింది నాకు. అయినా ఆనాడు మెట్టు మీద ఉండిపోయినట్టు గడపలోనే ఉండిపోకుండా లోపలికి వెళ్లి, పిల్ల పక్కన చాప మీద కూర్చున్నాను.